ఫొటోలో బస్తా

ఎక్కడో సముద్రంలో యుద్ధం మొదలై ఎరువుల ఓడలు ఆగిపోతే, ఇక్కడ కోడేరులో ఏసమ్మ మక్కచేను పాలిపోయింది. మొగుడు పోయాక ఎకరం కౌలుకు పట్టి ఒంటరిగా విత్తుకున్న చేను అది. మోకాలెత్తు మీదున్న ఈ పది రోజుల్లో ఒక్క బస్తా యూరియా పడకపోతే ఈ ఏడు కంకి లేదు, తిండి లేదు.

టీవీలో ఢిల్లీ మంత్రి మాత్రం కొరతే లేదన్నాడు. యుద్ధం వేళ వదంతులు నమ్మేవాళ్లు దేశభక్తులే కారన్నాడు. హైదరాబాద్ వాళ్లేమో ఢిల్లీ పంపలేదన్నారు. మాటలు మాత్రం ఇద్దరి దగ్గరా దండిగా ఉన్నాయి.

నాలుగు రోజులుగా ఏసమ్మ ఎరువులమ్మే సొసైటీ ముందు వరుసలో చెప్పులు పెట్టి కూర్చుంటోంది. వంతు వచ్చేలోపే బస్తాలు అయిపోతున్నాయి. ఐదో రోజు ఒక అధికారి వచ్చాడు. కొరత లేదని చూపే ఫొటోలు పైకి పంపాలట. వరుసంతా చూసి ఏసమ్మను పిలిచాడు.

"అమ్మా, జర ఈ బస్తా పట్టుకొని నిలవడు. కౌలు రైతుకు గూడ అందుతుందని చూపియ్యాలె."

"పట్టుకుంట సారూ. మల్ల నాకే ఇస్తరు గద?"

"ముందుగాల నవ్వు."

నవ్వింది. ఆశపడ్డ మనిషి కదా, నిజంగానే నవ్వొచ్చింది. ఫొటో కాగానే సొసైటీ గుమాస్తా బస్తా లాక్కుని వరుసలో ముందున్నవాడికిచ్చాడు. ఆమె అరిచేసరికి అధికారి జీపెక్కేశాడు.

సాయంత్రానికి ఆ ఫొటో ఊళ్లో అందరి ఫోన్లలో ఉంది. మర్నాడు పక్కింటి పెంటమ్మే ఆమె చెప్పులు వరుసలోంచి తీసి అవతల పడేసింది.

"నీకొచ్చింది గదనే, ఊరంత జూసింది. మేం సావాల్నా?"

"నాకియ్యలేదక్కా, ప్రభువు తోడు. ఫొటోకే పట్టుకున్న."

"పట్టుకున్నోళ్లు ఇడుస్తరా?"

ఎవరూ నమ్మలేదు. ముందురోజు కళ్లారా చూసినవాళ్లూ వరుసలో ఒకరు తగ్గుతారని తలలు తిప్పుకున్నారు. వాళ్లనేమనగలం, వాళ్ల చేలూ అట్లాగే చస్తున్నాయి. గుమాస్తానడిగితే, అందినట్టు పైకి పోయిన పేరు మళ్లీ రాయనన్నాడు.

ఆ పది రోజులూ దాటాయి. ఏసమ్మ గట్టు మీద కూలబడి ఏడ్చింది. మొగుడు పోయిననాడు కూడా అంత ఏడవలేదు. గొర్రెల మందతో పోతున్న కురుమూర్తి ఆగాడు.

"ఏమైందక్కా?"

"తమ్మీ, నీ జీవాలను చేన్లకు తోలు. అవన్న కడుపు నింపుకుంటయి."

"గదేందక్కా, ఇంక జర పచ్చగుంది గద!"

"పచ్చగున్నప్పుడే తోలుమంటున్న."

అతను మందను చేనువైపు మళ్లించాడు. ముందున్న గొర్రె గట్టు దిగడానికి జంకితే, ఏసమ్మే లేచి దాని మెడ పట్టి చేన్లోకి దించింది.