టోకెన్ రింగు

ఆ జపాన్ బొమ్మల సినిమా చూసినవాళ్లంతా, కథానాయిక ఊరు విడిచిపోయే చోట ఏడ్చామని కామెంట్లు పెట్టారు. జెనీ కూడా అక్కడే ఏడ్చింది. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లో ఆమె పక్కన కూర్చున్న తాత ఆర్థర్, స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైనవాడు, "బొమ్మలు సూసి ఏడుపేటి?" అని విసుక్కున్నాడు.

తర్వాత తెర మీదికి చిన్న స్టేషన్ వచ్చింది. ఆగకుండా పోయే రైలు డ్రైవరుకు అందేలా, ముందు లైను ఖాళీ అని అనుమతినిచ్చే టోకెన్ రింగును ఒక ముసలి ఉద్యోగి పైకెత్తి పట్టుకున్నాడు. తాత కుడిచెయ్యి తనకు తెలియకుండానే లేచింది. రైలు దాటిపోయాక గానీ దిగలేదు.

"సెయ్యి వదులుగా ఉంచాల. బిగిస్తే ఇలాగౌద్ది," అంటూ మోచేతి మీది పాత మచ్చ తడుముకున్నాడు.

జెనీ ఆ మచ్చను మొదటిసారి చూసినట్టు చూసింది.

"ఈ బొమ్మ గీసినోడు ఎవులో పాయింట్స్‌మన్ మనవడే," అన్నాడు తాత. "ఆడు తాతని అడిగినాడు."