కోడలు తోమిన బోటు

పొద్దున్నే మొదటి ట్రిప్పుకి ముందు ఆ ఇంట్లో జరిగే తంతు ఎప్పుడూ ఒకటే. అత్తగారు టికెట్ల పెట్టె తుడుస్తుంది, కోడలు ఫ్లాస్కులో టీ పోస్తుంది, కొడుకు పెరట్లో నిలబడి నిమ్మకాయ చెక్క వాసన చూస్తూ ఉంటాడు. ఇంకా బోటు ఎక్కనే లేదు, అప్పుడే అతని కడుపులో తిప్పడం మొదలు. రేవు నుంచి అవతలి ఒడ్డుకి జనాన్ని దాటించే బోటు వాళ్ళది. నడిపేది అతనే. రోజూ నడుపుతాడు, రోజూ వాంతి చేసుకుంటాడు. ప్రయాణికులు కూడా అలవాటు పడిపోయారు. అతను అంచు మీదకి వంగగానే అందరూ మర్యాదగా ఆకాశంలోకి చూస్తారు.

"అలవాటవుతుందిలేరా," అంటుంది అత్తగారు. ఆవిడ ఆ మాట అనడం మొదలుపెట్టినప్పుడు అతని మీసం నల్లగా నిగనిగలాడేది. ఇప్పుడు అందులో తెల్ల వెంట్రుకలు కూడా వచ్చేశాయి. అలవాటు మాత్రం కాలేదు.

మరి ఇంకొకళ్ళు నడపొచ్చుగా అంటారేమో. అదే కుదరదు. ఆ బోటు ఒక్క మనిషినే చూపిస్తుంది. దాని ఒళ్ళు మెరిసే రోజుల్లో పక్కన పాతికమంది నిలబడ్డా అందులో కనిపించేది ఒక్కడే, దాన్ని నడిపేవాడు. మిగతావాళ్ళు తొంగిచూస్తే నీళ్ళూ, రేవుమెట్లూ, వెనకాల గోడా కనిపిస్తాయి, వాళ్ళు తప్ప. "అద్దంలా మెరిసి ఏం లాభం, తల దువ్వుకోడానికి పనికిరాదు," అని ఆడవాళ్ళు విసుక్కునేవాళ్ళు. అంతకు మించి దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు. మామగారు ఉన్నన్నాళ్ళూ ఆయన కనిపించాడు. ఆయన పోయిన మర్నాడు కొడుకు కనిపించాడు. ఇక ఇంజను తాళం అతని చేతికే తిరుగుతుంది. వేరే ఎవరు తిప్పినా బిగుసుకుపోతుంది.

అతనికి ప్రాణమంతా వెనక గదిలో ఉన్న కుట్టుమిషను మీద. సాయంత్రం పూట పిండేసిన గుడ్డలా ఇంటికొచ్చి, అయినా సరే కాసేపు దాని ముందు కూర్చునేవాడు. అతను కుట్టిన కాలరు మెడ మీద కూర్చుంటే ఇంకొకరి కాలరు తొడుక్కోబుద్ధయ్యేది కాదు. రోజంతా కుట్టుకునే భాగ్యం ఉంటే అతనికి ఇంకేం అక్కర్లేదు.

కోడలి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. పెళ్ళికి ముందు స్కూలు వ్యాను నడిపిన మనిషి. వ్యాను నిండా పిల్లలు కోతుల్లా గోల చేస్తున్నా ఇరుకు సందుల్లోంచి వెనక్కి తీసుకొచ్చేది. నీళ్ళంటే భయం లేదు, గాలంటే లెక్కలేదు. కొత్తగా కాపరానికొచ్చినప్పుడే ఎవరూ చూడకుండా బోటు తాళం తిప్పి చూసింది. కదిలితేనా! "ఏం న్యాయమండీ ఇది? నడపాలని ఉన్నదానికి తాళం తిరగదు, తాళం తిరిగేవాడికి తల తిరుగుతుంది," అంది మొగుడితో. అతను నవ్వబోయి, కడుపు గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఆ ఏడు బోటు అడుక్కి రంగు వేయించడానికి యార్డులో ఒడ్డుకెక్కించారు. దిమ్మల మీద కూర్చోబెట్టాక చూస్తే అది ఇంకా పెద్దగా, ఇంకా దిగులుగా కనిపించింది. కోడలు దాని పక్క మీద చెయ్యి వేసి తీస్తే అరచెయ్యంతా తెల్లటి పొడి.

"ఎండకి పైపూత అలా సున్నంలా మారిపోతుంది," అంది పెయింటరక్క. యార్డులో రంగుల పనంతా ఆవిడదే. గొంతు ఆ చివర నుంచి ఈ చివరకి వినిపిస్తుంది. "మీ మామగారు పోయాక ఒక్కసారన్నా తోమించారా? దానికి కళ్ళు మూసుకుపోయి ఎన్నాళ్ళయిందో! పాపం, పాత గుర్తు మీద మీ ఆయన్ని పట్టుకుని వేలాడుతోంది."

కోడలు గబుక్కున ఆవిడ వైపు తిరిగింది. "అయితే అక్కా, ఒళ్ళు మెరిపించి నేను ఎదురుగా నిలబడితే..."

"నచ్చితే నిన్ను చూపిస్తుంది. నచ్చకపోతే లేదు. నేనేమన్నా దాని మేనత్తనా, హామీ ఇవ్వడానికి?"

"నేనెప్పుడూ ఈ పని చెయ్యలేదు."

"ఎవరు మాత్రం చేతిలో బ్రష్షుతో పుట్టారు? పనిలోకి దిగు!"

అన్నాల దగ్గర కోడలు ఈ సంగతి చెబితే అత్తగారి ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "తోమితే తోము, బోటుకి మంచిదే. కానీ అది మా ఆయన బోటు. ఆయన కొడుకే నడపాలి. తాళం మాట మాత్రం నా దగ్గర ఎత్తకు," అంది. కొడుకు తలెత్తలేదు. ఆశపడి భంగపడటం కన్నా ఆశపడకపోవడమే నయం అనుకున్నాడు కాబోలు. కానీ భోజనం అవగానే లోపలికి వెళ్ళి తన పాత పొడుగు చేతుల చొక్కా, టోపీ తెచ్చి పెళ్ళాం చేతిలో పెట్టాడు. "దుమ్ము ఒంటిమీద పడకుండా ఉంటుంది," అన్నాడు. ఆ చొక్కాలో అతని ఆశంతా ఉంది. కోడలికి కళ్ళు చెమర్చాయి.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా! మర్నాడు పెయింటరక్క ఇంకా రాకముందే కోడలు బోటుని సబ్బునీళ్ళతో కడిగేసి, కొట్లో కొన్న మెరుగు మైనం డబ్బా మూత తీసి ఓ పక్కంతా పూసేసింది. మధ్యాహ్నానికి ఆ పక్క నిగనిగలాడింది. దారినపోయే వాళ్ళందరినీ పిలిచి చూపించింది. సాయంత్రం ఎండ తగిలేసరికి ఎక్కడి తెలుపు అక్కడే.

"కడగని మొహానికి పౌడరు కొట్టావు తల్లీ!" అని పెయింటరక్క కడుపు పట్టుకుని నవ్వింది. "మైనం ఆఖరున వెయ్యాలి. ముందు ఆ చచ్చిపోయిన పొర పోవాలి. ఉప్పుకాగితంతో రుద్దు, తర్వాత గరుకు పేస్టు, తర్వాత మెత్త పేస్టు. గుమ్మమంత చోటే తీసుకో, అది పూర్తయ్యాకే పక్కకి జరుగు. మెరిసిందని కళ్ళు చెబితే నమ్మకు, అరచేత్తో రాసి చూడు. తెల్లగా అంటిందంటే ఇంకా పని ఉన్నట్టే."

అలా మొదలైంది అసలు చాకిరీ. మొగుడి చొక్కా, మొగుడి టోపీ, కళ్ళకి నల్లద్దాలు, ముక్కుకి గుడ్డ. పేస్టుతో మెరుగుపెట్టే, గిర్రున తిరిగే మిషను చేతికిస్తే మొదట అది ఆమెని ఆడించింది. ఒకేచోట ఆపి పట్టుకుంటే వేడెక్కి వాసనొచ్చింది, ఇస్త్రీపెట్టె మరిచిపోయిన చొక్కాలా అరచెయ్యంత మేర పచ్చగా మచ్చపడింది. "ఆపకు, కదుపుతూ ఉండు! వ్యాను నడిపావుగా, ట్రాఫిక్కులో నిలబెడతావా?" అని అక్క కేకేసింది. ఆ మాట చేతులకి ఎక్కింది. అక్కణ్ణుంచి మిషను దారికొచ్చింది. సాయంత్రం ఇంటికెళితే అన్నం కలుపుకోడానికి కూడా వేళ్ళు వంగేవి కావు, అయినా నిద్రలో కూడా నవ్వుతూ ఉండేది.

ఎడమ పక్క పూర్తయ్యే రోజు వచ్చింది. గుడ్డతో ఆఖరిసారి తుడిచి, వెనక్కి నాలుగడుగులు వేసి చూసింది. ఆ నున్నటి తెలుపులో మనిషి! టోపీ, నల్లద్దాలు, ముక్కుకి గుడ్డ, చేతిలో మిషను. "అక్కా! కనిపించానక్కా! నన్ను చూపించింది!" అని అరుస్తూ నిచ్చెనెక్కి బోటులోకి ఉరికి తాళం తిప్పింది.

తాళం కదల్లేదు. ఇంకోసారి తిప్పింది. రెండు చేతులతో తిప్పింది. అది బిగుసుకునే ఉంది.

కిందికి దిగొచ్చేసరికి క్యారియరు పట్టుకుని మొగుడు, వెనకే అత్తగారు వస్తున్నారు. అతను వచ్చి పెళ్ళాం పక్కన నిలబడ్డాడు. నలుగురూ బోటు వైపు చూశారు. అందులో ఇద్దరు మొగుళ్ళున్నారు. ఒకడి చేతిలో క్యారియరు, ఇంకొకడి మొహానికి గుడ్డ. పక్కలకి పొడుచుకొచ్చిన చెవులు మాత్రం ఇద్దరివీ ఒకటే.

"ఓరి నాయనో! ఒకడితోనే వేగలేక చస్తుంటే రెండోవాడా!" అంది పెయింటరక్క.

అత్తగారు దగ్గరికెళ్ళి నిదానంగా చూసింది. "ఇవి మా వాడి చెవులే. వాడి చొక్కా, వాడి టోపీ. మొహం కనిపించకపోతే అదేం చేస్తుంది మరి? వాడే తోముతున్నాడనుకుంది. సొమ్మొకడిది, సోకొకడిది అయింది నీ పని."

కోడలు టోపీ పీకేసింది, అద్దాలు తీసేసింది, గుడ్డ లాగేసింది, తన బట్టల మీద తొడుక్కున్న చొక్కా విప్పి అవతల పారేసింది. బోటులో రెండో మొగుడు మాయమయ్యాడు. ఆ చోట్లో వెనకాల గోడ కనిపించింది. ఇన్నాళ్ళు చేతులు అరగదీసుకుంటే బోటు ఆమె మొహమే ఎరగదు. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది.

మొగుడు క్యారియరు కింద పెట్టాడు. "అమ్మా," అన్నాడు. "నాకు అలవాటు కాలేదే. ఒక్కరోజు కూడా కాలేదు. నీళ్ళంటే నాకు భయం. నాన్న బోటని, నువ్వు బాధపడతావని నోరు మూసుకున్నాను. నా బాధ తీర్చాలని ఇది ఇంత కష్టపడితే ఆ పేరు కూడా నాకే దక్కింది. నాకు సిగ్గుగా ఉంది."

అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుని ఇంటికెళ్ళిపోయింది.

తెల్లారి కోడలు కుడి పక్కకి వెళ్ళేసరికి ఆవిడ అప్పటికే అక్కడుంది. కొంగు నడుముకి బిగించి, ముందర నీళ్ళ బకెట్టు, చేతిలో ఉప్పుకాగితం.

"అత్తయ్యా, మీరెందుకు?"

"నోరు ముయ్యవే. నీళ్ళు పోస్తూ రుద్దితే దుమ్ము లేవదట, పెయింటరు చెప్పింది. ఇక మొహానికి గుడ్డలూ గిడ్డలూ అక్కర్లేదు." తర్వాత ఆవిడ బోటు పక్క మీద ఒక్కటి చరిచింది. "ఒసేయ్! చూడు. ఇది నా కోడలు. ఇన్నాళ్ళూ నిన్ను తోమింది ఇదే, వాడు కాదు. వాడు నా కొడుకే కానీ నీళ్ళ మీద పనికిరాడు. అది నేను ఒప్పుకోడానికే ఇన్నేళ్ళు పట్టింది, నువ్వన్నా తొందరగా ఒప్పుకో."

ఆ మాట వినగానే కోడలు అత్తగారిని గట్టిగా వాటేసుకుంది. ఇద్దరి ఒళ్ళూ తెల్లనీళ్ళు.

కుడి పక్క పని పండగలా సాగింది. అత్త నీళ్ళు పోస్తే కోడలు రుద్దింది. మిషను పట్టేటప్పుడు కళ్ళలో పేస్టు పడకుండా పెయింటరక్క ఎక్కడి నుంచో ఓ పారదర్శకమైన తొడుగు తెచ్చిచ్చింది, మొహమంతా బయటికి కనిపించేది. కోడలు పని చేస్తున్నంతసేపూ బోటుతో మాట్లాడింది. వ్యానులో పిల్లలు చేసిన అల్లరి చెప్పింది, ఓసారి టైరు పంక్చరైతే అందరితో పాటలు పాడించిన సంగతి చెప్పింది, అవతలి ఒడ్డుకి ఏ గాలిలో ఎలా తీసుకెళతానో చెప్పింది. "పెళ్ళిచూపుల్లో కూడా నేను ఇంత మాట్లాడలేదు," అంది మధ్యలో. "మాట్లాడుంటే మావాడు పారిపోయేవాడు," అంది అత్తగారు.

మైనం కూడా పట్టించి తుడిచేసరికి సాయంత్రం ఎండ పక్కకి ఒరిగింది. కోడలు అరచేత్తో బోటు ఒళ్ళంతా రాసి చూసింది. ఏమీ అంటలేదు. కానీ తలెత్తి చూడ్డానికి ధైర్యం చాల్లేదు. మొగుడు వచ్చి పక్కన నిలబడి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "చూద్దాం పద. అందులో నువ్వు లేకపోతే రేపు కూడా నిమ్మకాయ వాసన చూస్తాను, అంతేగా," అన్నాడు. ఇద్దరూ ఒక్కసారే తలెత్తారు.

బోటులో ఒక్క మనిషే ఉంది. బుగ్గ మీద పేస్టు మరకతో, చెదిరిన జుట్టుతో కోడలు. ఆమె భుజం మీద గుడ్డ కాస్త నొక్కుకుని ముడతపడి ఉంది, ఆ నొక్కిన చెయ్యి మాత్రం కనిపించలేదు.

అతను చెయ్యి ఎత్తి ఊపాడు. ఏమీ లేదు. అటూ ఇటూ నడిచాడు. గోడ కనిపించింది, నిచ్చెన కనిపించింది, తను కనిపించలేదు. "లేను," అన్నాడు మెల్లగా. తర్వాత యార్డంతా అదిరేలా, "అమ్మా! నేను లేనే! ఎక్కడా లేనే!" అని కేకేసి, పెయింటరక్క చెయ్యి పట్టుకుని గిరగిరా తిప్పాడు. ఇన్నేళ్ళలో అంత తిరిగినా కడుపులో తిప్పనిది అప్పుడే.

అత్తగారు ఏడుస్తూ నవ్వింది. "ఏరా, అంత కష్టంగా ఉండేదా?" అని అతని తల నిమిరింది. "అవునమ్మా," అన్నాడు అతను.

రంగులారాక బోటు మళ్ళీ నీళ్ళలోకి దిగింది. మొదటి ట్రిప్పుకి జనం ఎప్పట్లాగే ఎక్కారు. కోడల్ని చూసి, "ఓహో, ఇక నుంచి నువ్వా?" అని అడిగి ఎవరి సీట్లో వాళ్ళు కూర్చున్నారు. తాళం వేలితో తాకగానే వెన్నలో కత్తిలా తిరిగింది. ఇంజను అందుకుంది. ఆమె బోటుని రేవు నుంచి వెనక్కి తీసి, ఒక్క ఊపులో తిప్పి, అవతలి ఒడ్డుకేసి పట్టింది. ఆ తిప్పడం చూసి ముందు వరసలో ఓ ముసలాయన చప్పట్లు కొట్టాడు.

తల్లీ కొడుకూ మెట్ల మీద నిలబడి చూస్తున్నారు. బోటు చిన్నదయ్యేదాకా అత్తగారు కన్నార్పలేదు. అప్పుడు కొడుకు వైపు తిరిగింది.

"ఇంకా ఇక్కడేం పనిరా నీకు? ఇంటికి పో. పోయి నీ మిషను దగ్గర కూర్చో."

అతను తల్లి మొహంలోకి ఓసారి చూశాడు. ఆవిడ నిజంగానే అంటోందని అర్థమయ్యాక మెట్లు రెండేసి ఎక్కుతూ పరిగెత్తాడు. పొద్దున్న ఎనిమిదింటికి ఆ వీధిలో కుట్టుమిషను చప్పుడు వినపడటం అదే మొదలు.