పెరుగన్నంలో నల్లచుక్కలు

నకరికల్లు దగ్గరి బాలికల హాస్టల్లో పెరుగన్నం తిని పిల్లలంతా వాంతులు చేసుకున్నారు. అందరూ తేరుకున్నారు, నాలుగో తరగతి సాయి ప్రియ తప్ప. ఆ పిల్లను మట్టిచేసి వచ్చినవాళ్లు నేరుగా హాస్టల్‌కు పాలు పోసే కరీముల్లా ఇంటి మీద పడ్డారు. క్యాన్లు సొట్టలు పెట్టారు, మనిషినీ వదల్లేదు. ఊరికి కోపం వస్తే ఎవరో ఒకరు దొరకాలి గదా, దొరికాడు.

మిగిలిన పాలు, పెరుగన్నం నరసరావుపేటలో జెస్సీ పనిచేసే ల్యాబుకు వచ్చాయి. న్యాయంగా ఆమె వాటిని ముట్టకూడదు. ఆ హాస్టల్లో వండిపెట్టే ఫిలోమినా ఆమె కన్నతల్లి. అయినా జెస్సీ నోరు మెదపలేదు. తప్పు పాలల్లోనే ఉండాలని, అది తన చేతుల మీదుగానే తేలాలని ఆశపడింది. పాపపు ఆశే, కానీ ఏ కూతురు పడదు?

క్రిముల్ని పెంచి చూసే, గుడ్డుసొన కలిపిన అగర్ జిగురు పళ్లేల మీద రెంటినీ పూసింది. ఆ అగర్‌కు పక్షపాతం ఎక్కువ. మిగతా క్రిముల గొంతు నొక్కి, స్టెఫైలోకోకస్‌ను మాత్రం పెరగనిస్తుంది. మనుషుల ముక్కుల్లో, చీముపుండ్లలో కాపురముండే క్రిమి అది.

వెచ్చని పెట్టెలోంచి తీసి చూస్తే పాల పళ్లెం శుభ్రంగా ఉంది. పెరుగన్నం పళ్లెం నిండా నిగనిగలాడే నల్లచుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ తేటగా వలయం. స్టెఫైలోకోకస్ ఆనవాలే అది; పాలల్లోంచి కాదు, మనిషి చేతిలోంచి వచ్చింది. కరీముల్లా ఆస్పత్రి మంచం మీద ఉండగా ఆ చుక్కల్ని దాచడానికి మనసొప్పలేదు. రిపోర్టు పంపేసి ఇంటికి వచ్చింది.

ఫిలోమినా గోరుచుట్టు లేచిన వేలికి నిమ్మకాయ తొడుక్కుని గడపలో కూర్చుని ఉంది.

"తప్పు పాలదే గదే?" అంది.

"పాలల్లో ఏం లేదమ్మా. ఆ రోజు అన్నం దేంతో కలిపావు?"

"చేత్తోనే. గరిటైతే మెతుకు మెదగదు. రాత్రికి పులవకుండా పొద్దున్నే పాలు పోసి, రవ్వంత పెరుగు తోడేసి పెట్టా."

"వేలికి నిమ్మకాయ ఉందా?"

"పిల్లలు తినేదాన్ని నిమ్మకాయతో కలుపుతానా ఏంది? తీసేసి, సబ్బుతో కడుక్కునే కలిపా."

"లోపల చీము సబ్బుకు పోదమ్మా. పొద్దుట్నించి రాత్రిదాకా అన్నంలో పెరిగింది ఆ చీములోని క్రిమే."

ఫిలోమినా వేలికున్న నిమ్మకాయ లాగేసింది. గుండె పగిలేట్టు ఏడుస్తుందేమోనని జెస్సీ దగ్గరికి జరిగింది.

"సాయి ప్రియ అప్పుడే జొరం పడి లేచిందే," అంది ఫిలోమినా. "అన్నం వద్దంటే నేనే ఒళ్లో కూచోబెట్టుకుని తినిపించా. చాలు పెద్దమ్మా అంటున్నా, ఇంకో రెండు ముద్దలు పెట్టా."