మొహాలు కనిపించే గది

నేను ఒక సోఫాను. ఈ మాట వినగానే మీకు మెత్తగా, నిమ్మళంగా సాగిపోయిన జీవితం ఏదో తోస్తుంది కాబోలు. ఒకచోట పడి ఉండటమే కదా దీని బతుకు అనుకుంటారు. నా సంగతి అది కాదు. నేను చేరిన ఇంట్లో ఒక గోడ పక్కన నాలుగు రోజులు కుదురుగా ఉన్న పాపాన పోలేదు. నా కాళ్ళు అరిగింది కూర్చున్నవాళ్ళ బరువుకి కాదు, నన్ను ఈడ్చిన ఈడుపుకి.

విశాఖపట్నంలో, కంచరపాలెం సందులో ఉన్న పైడిరాజు షెడ్డులో పుట్టాను. వేపచెక్కతో నాకు ఎముకలు కట్టాడు, స్ప్రింగులు బిగించాడు, పైన స్పాంజి పరిచాడు. పనిచేస్తున్నంతసేపూ పైడిరాజు ఎవరో ఒకరిని తిడుతూనే ఉండేవాడు. చెక్కని, కరెంటుని, ఎవరూ దొరక్కపోతే అల్లుణ్ణి. చివరికి గుడ్డ తొడిగి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసి, "ఏనుగు రంగొచ్చింది" అని సంతోషపడ్డాడు. షోరూములో మాత్రం ఆ రంగుకి పొగ పేరేదో పెట్టారు.

షోరూములో మనుషుల్ని బాగా చదువుకున్నాను. భర్తలు కూర్చుంటే లేవరు. భార్యలు కూర్చోరు, గుడ్డని వేళ్ళతో నలిపి చూస్తారు. అందరూ "మా ఇంటికి పెద్దదైపోతుందేమో" అంటారు కానీ చిన్నదాని వైపు మాత్రం చూడరు.

కుసుమలత అలా కాదు. నా అంచున, బస్సులో ఎవరో రుమాలు వేసుకున్న సీట్లో కూర్చున్నట్టు కూర్చుంది. వెనక్కి వాలలేదు. పక్కన నిలబడ్డ భర్త భానోజీతో, "ఇదేనండీ, నేను అనుకుంటున్నది ఇదే" అంది. ఓడలు కట్టే యార్డులో క్రేను నడిపే భానోజీకి బరువుల లెక్క బాగా తెలుసు. నన్ను ఒక కొసన ఎత్తి చూసి, "ఇది లిఫ్టులో పట్టదు కుసుమా" అన్నాడు. పట్టలేదు కూడా. మధురవాడలో అయిదో అంతస్తు దాకా మెట్లమీదుగానే ఎక్కాను.

వాళ్ళు అంతకుముందు ఉన్నది యార్డు క్వార్టర్సులో. ముందుగది అనేది వేరే లేదు. ఉన్న ఒక్క గదిలోనే మంచం, అన్నాలు, చుట్టాలు అన్నీ. ఎవరైనా వస్తే మంచమ్మీద దుప్పటి సర్ది కూర్చోబెట్టాల్సి వచ్చేదట. ఆ దుప్పటి సర్దుతున్నప్పుడల్లా కుసుమలత ఒక గదిని కలగనేది. ఆ కలకి రూపం ఇవ్వడానికి స్ఫూర్తి అనే డిజైనరు వచ్చింది. చురుకైన పిల్ల. మాట్లాడుతూనే గోడలు కొలిచేది.

"గదికి ఒక కేంద్రం ఉండాలి ఆంటీ. టీవీ గోడే మన కేంద్రం. కూర్చున్న ప్రతివాళ్ళ చూపూ అటే వెళ్ళాలి" అంది.

"ట్యూబులైటో?" అని అడిగింది కుసుమలత.

"అయ్యో, ట్యూబులైటు పెడితే కిరాణా కొట్టులా ఉంటుంది! సీలింగులో లైట్లు దాచేద్దాం. వెలుగు కనిపించాలి, లైటు కనిపించకూడదు."

అలాగే చేశారు. టీవీ గోడకి సన్నటి చెక్క పట్టీలు, పైన దాచిన పసుపు వెలుతురు, మూలన పెద్దాకుల మొక్క, టీవీకి ఎదురుగా బారున నేను. నిజం చెప్పొద్దూ, ఆ గదిలో నేను అందంగానే ఉన్నాను. గోధూళి వేళలో చిక్కుకుపోయినట్టుండేది ఆ గది.

ఆ ఇంట్లో మూడో మనిషి హిమజ, వాళ్ళ కూతురు. బ్యాంకులో ఉద్యోగం. పుట్టుకతోనే వినపడదు. చేతులతో, కళ్ళతో, కనుబొమలతో మాట్లాడుతుంది. కుసుమలత ఆ భాషని కూతురితోపాటే నేర్చుకుంది. భానోజీ వేళ్ళు మొద్దుగా ఉండేవి. ఆయన 'నీళ్ళు' అని చూపిస్తే 'తిట్టు'లా ఉంటుందని తల్లీకూతుళ్ళు నవ్వుకునేవారు.

గృహప్రవేశం నాడు చుట్టాలు విరగబడి వచ్చారు. భానోజీ అక్క రమణమ్మ నా మధ్యలో చతికిలబడి, "ఏటి కుసుమా, సినిమావోళ్ళ ఇల్లులాగుంది!" అంది. కుసుమలత మొహం వెలిగిపోయింది. ఇరవై ఏళ్ళ దుప్పటి సర్దుడు ఆ ఒక్క మాటతో తీరిపోయింది.

హిమజ నా కుడి చివర కూర్చుంది. అందరూ వరసగా, టీవీ వైపు తిరిగి కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎవరో జోకు వేశారు, నా స్ప్రింగులన్నీ అదిరాయి. హిమజ ముందుకు వంగి ఒక్కొక్కరి వైపూ చూసింది. అందరూ నవ్వుతున్నారని తెలిసింది, ఎందుకో తెలియలేదు. తల్లి వైపు చూసింది. క్వార్టర్సులో అయితే కుసుమలత ఆ చూపు పడగానే చేతులతో చెప్పేసేది. ఆ రోజు పట్టుచీర కుచ్చిళ్ళమీద రెండు చేతులూ ముడుచుకుని, చిరునవ్వు నవ్వి ఊరుకుంది.

ఆ పిల్ల లేచి వెళ్ళి టీవీ ముందు నిలబడింది. అక్కణ్ణుంచి అందరి మొహాలూ కనిపిస్తాయి కదా. రమణమ్మ చెయ్యి ఊపింది. "పక్కకి తప్పుకోమ్మా, సీరియల్ కనపడ్డంలేదు."

హిమజ తప్పుకుంది. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అది మొదలు ముందుగదికి రావడం తగ్గించింది. బ్యాంకు నుంచి రావడం, కంచంలో అన్నం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోవడం.

కుసుమలతకి కాలు నిలవలేదు. గదిలోనే ఏదో లోపం ఉందనుకుంది. వంట మధ్యలో వచ్చి గుమ్మంలో నిలబడి కళ్ళు చిట్లించి చూసేది. కొంగు బొడ్లో దోపుకుని నన్ను తోసేది. ఒకరోజు కిటికీ కిందకి, ఒకరోజు బాల్కనీ తలుపు పక్కకి, ఒకరోజు ఏటవాలుగా, గదిలో ఎవరో విసిరేసి పోయినట్టు. కిటికీ కింద పెట్టినప్పుడు హిమజ ఒకసారి వచ్చి ఎదురుగా నిలబడింది. వెనక నుంచి ఎండ కొట్టి తల్లి మొహం నల్లటి మచ్చలా ఉంది. ఏదో అడగబోయి, మానేసి వెళ్ళిపోయింది. కుసుమలత నా మెత్తలన్నీ దులిపి మళ్ళీ సర్దింది. రంగు బాలేదేమోనని కొత్త దిండ్లు తెచ్చింది. కర్టెన్లు మార్చింది. మొక్కని తీసేసి, మళ్ళీ తెచ్చి పెట్టింది.

"ఎందుకలా ఈడుస్తావు, అది మాత్రం ఎక్కడికి పోతాది?" అనేవాడు భానోజీ. పాపం, అటూ ఇటూ తిరిగేది నేనొక్కణ్ణే అనుకున్నాడు.

నేను మళ్ళీ టీవీకి ఎదురుగా చేరాక, ఒక ఆదివారం పొద్దున్న హిమజ తనంతట తానే ముందుగదిలోకి వచ్చింది. తల్లి ముందు నిలబడి చేతులతో చెప్పింది. "హైదరాబాదుకి ట్రాన్స్‌ఫర్ అడిగాను."

కుసుమలత చేతిలోని దిండు జారిపోయింది. "ఎందుకు? ఇంత మంచి ఇల్లు నీకోసమే కదా..."

"నాకోసమా?" హిమజ నవ్వలేదు. తల్లిని చెయ్యి పట్టుకుని నా ఎడమ చివర కూర్చోబెట్టింది. పేపరు చదువుకుంటున్న తండ్రిని లాక్కొచ్చి మధ్యలో కూర్చోబెట్టింది. తను కుడి చివర కూర్చుని, టీవీ పెట్టి, దాని గొంతు తీసేసింది. దాచిన లైట్లు వేసింది, కర్టెన్లు మూసింది. తర్వాత టీవీ వైపే చూస్తూ, ఒళ్ళో చేతులు ఆడిస్తూ ఏదో చెప్పడం మొదలెట్టింది.

భానోజీ మెడ తిప్పి చూశాడు. కుసుమలత ముందుకు వంగింది, మెడ చాచింది, భర్త భుజం మీదుగా చూసింది. ఆమెకి కూతురి చెవి కనిపించింది. చెవికున్న రింగు కనిపించింది. అంతే.

హిమజ లేచి ఎదురుగా వచ్చింది. "ఏం చెప్పాను?"

"కనపళ్ళేదు" అంది కుసుమలత చేతులతో.

"ఈ గదిలో నాకు రోజూ అంతే. మీ అందరి చెవులూ కనిపిస్తాయి. నాకు చెవులతో ఏం పని?"

కుసుమలత ఏదో అనబోయింది. హిమజ ఆపింది. ఆ పిల్ల వేళ్ళు ఇప్పుడు నెమ్మదిగా కదిలాయి. "సోఫా సంగతి పోనీ. ఆ రోజు అందరూ నవ్వుతుంటే నీ వైపు చూశాను. నీ చేతులు ఒళ్ళోంచి లేవలేదు. గది మంచిదైంది, నేను మాత్రం దీనికి సరిపోలేదా అమ్మా?"

నా మీద ఎన్నో బరువులు పడ్డాయి. ఆ మాట చూశాక కుసుమలత వెనక్కి వాలిందే, అంత బరువు ఎన్నడూ మోయలేదు. నన్ను తెచ్చుకున్నాక ఆమె నాకు ఆనుకోవడం అదే మొదలు.

ఆమె ఏడవలేదు. రెండు చేతులూ ఎత్తింది. "సిగ్గుపడ్డాను. నిన్ను చూసి కాదు. వాళ్ళు చూస్తారని" అంది. కొంచెం ఆగి, "అది కూడా నిన్ను చూసి సిగ్గుపడ్డట్టే" అని తనే దిద్దుకుంది.

హిమజ అవునన్నట్టు తల ఊపింది. అమ్మ కదా అని తగ్గించి చెప్పలేదు.

మర్నాడే స్ఫూర్తికి, షోరూమువాళ్ళ ద్వారా పైడిరాజుకి కబురు వెళ్ళింది. "దీన్ని మూడు ముక్కలు చెయ్యాలి. మూడు విడి కుర్చీలు కావాలి. గుండ్రంగా వేసుకుంటాం" అంది కుసుమలత.

పైడిరాజు నా వీపు మీద చెయ్యి వేశాడు. "బంగారంలాంటి సోఫాని కొయ్యమంటారేటమ్మా! కొత్తవి చేసిచ్చేస్తాను కదా."

"ఇదే కొయ్యాల."

"లుక్కంతా పోతుంది ఆంటీ" అంది స్ఫూర్తి. బాధగానే అంది. ఆ గది ఫొటోలు పదిమందికీ గర్వంగా చూపించుకుంటోంది మరి. కుసుమలత ఆమెని కూర్చోబెట్టి, కూతురు తనకి చూపించినట్టే చూపించింది. స్ఫూర్తి ఫోను తీసి ఏదో టైపు చేసి హిమజకి ఇచ్చింది. హిమజ చదివి, టైపు చేసి తిరిగి ఇచ్చింది. అలా ఆ ఫోను ఇద్దరి మధ్యా మధ్యాహ్నం దాకా తిరిగింది. వెనక ఎవరొస్తున్నారో తెలియదని హిమజ చెబితే, వంటింటి గుమ్మానికి ఎదురుగోడకి పొడుగాటి అద్దం వచ్చింది. మొహాలమీద నీడ పడకూడదంటే తెల్లటి లైట్లు వచ్చాయి. టీవీ పడగ్గదికి వెళ్ళింది. క్రికెట్టు రోజుల్లో భానోజీ అటే వలస పోయాడు.

ఇక నా సంగతి. రంపం వేపచెక్కలో దిగినప్పుడు ఎలా ఉందని అడక్కండి. పైడిరాజు ఆ రోజు ఎవర్నీ తిట్టలేదు, అదొక్కటే ఓదార్పు. నా పొడుగాటి వెనక దూలం పాత సామాన్ల బండిలో పోయింది. రెండు చివరలకీ ఒక్కో చెయ్యి మిగిలింది, మధ్య ముక్కకి ఒక్కటీ లేదు. కొత్త చేతులు చేసి తొడిగారు. పాత గుడ్డ దొరక్క స్ఫూర్తి ఆవపిండి రంగు గుడ్డ ఎంచింది. ఏనుగుకి పసుపు పూసినట్టు తయారయ్యాం. 'నేను' అనే మాట అప్పటినుంచీ నాకు కొంచెం తడబాటే. కానీ ముగ్గురం ఒకరికొకరు ఎదురుగా ఉన్నాం. ఇంతకాలం నాకు నేనే కనిపించలేదని అప్పుడు తెలిసింది.

"ట్రాన్స్‌ఫర్ సంగతేంటి?" అని కుసుమలత అడిగింది, అడగలేక అడగలేక.

"వచ్చినప్పుడు చూద్దాం" అంది హిమజ. అంతకంటే హామీ ఇవ్వలేదు. కుసుమలత రెండోసారి అడగలేదు.

కొన్నాళ్ళకి హిమజ స్నేహితులు వచ్చారు, తనలాంటివాళ్ళే. మా ముగ్గురి మీదా, ప్లాస్టిక్ కుర్చీల్లో, నేలమీద, గుండ్రంగా కూర్చున్నారు. గదినిండా చేతులు. అదే సమయానికి రమణమ్మ చెప్పాపెట్టకుండా వచ్చింది. గుమ్మంలో ఆగిపోయి, "ఏటిది? సోఫా ఏమయింది?" అంది.

కుసుమలత బజ్జీల పళ్ళెం పట్టుకుని వంటింట్లోంచి వస్తోంది. అద్దంలో ఆమెని చూసి హిమజ వెనక్కి తిరిగింది. గుమ్మంలో ఉన్న ఆవిడెవరని ఒక స్నేహితుడు అడిగాడు. హిమజ తల్లి వైపే చూస్తూ ఉండిపోయింది.

కుసుమలత పళ్ళెం నేలమీద పెట్టింది. ఖాళీ అయిన రెండు చేతులూ ఎత్తి, ఆడపడుచు చూస్తుండగా, అందరికీ చెప్పింది. "మా వదినగారు. సీరియల్ పిచ్చి. చెడ్డమనిషి కాదు." గది గొల్లున నవ్వింది. వాళ్ళ నవ్వుకి చప్పుడుందని ఆ రోజే తెలిసింది.

"ఏమన్నావు నా గురించి?" అంది రమణమ్మ అనుమానంగా.

"కూచోండి వదినగారూ, వాళ్ళే చెప్తారు" అంటూ కుసుమలత ఆమెని మా మధ్య ముక్కలో కూర్చోబెట్టింది. కొంతసేపటికి రమణమ్మ కూడా ఒక వేలు పైకెత్తి ఏదో ప్రయత్నించింది. అందరూ పడిపడి నవ్వారు. ఏం చూపించిందో ఆవిడకి తెలియదు, నేను చెప్పను.

వాళ్ళలో ఒకరిని ఒకరు పిలవాలంటే నేలమీద కాలితో దబదబా కొడతారు. అదురు తగిలి అవతలివాళ్ళు తిరుగుతారు. మాటలు ముదిరినకొద్దీ నేల అదిరిపోయింది. పళ్ళెం ఎగిరింది. కాసేపటికి కాలింగ్ బెల్లు మోగింది, తలుపు పక్కన హిమజ పెట్టించుకున్న దీపం వెలిగింది. వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు.

"అమ్మా, కింద ఫ్లాటువాళ్ళు చెప్పమన్నారమ్మా. ఒకటే గొడవగా ఉందంట. ఏం జరుగుతుందని అడుగుతున్నారు."

కుసుమలత లోపలికి తిరిగి చూసింది. అతని వైపు తిరిగి, గడపంతా నిండేలా నిలబడి, "మా అమ్మాయి మాట్లాడుతోందని చెప్పు" అంది.