పిన్ని తెరవని పద్దు

ఇందులోని అంకెలను నమ్మవచ్చు. అవి పిన్ని పుస్తకంలో ఆమె చేతిరాతతోనే ఉన్నాయి. మాటల సంగతే నేను గట్టిగా చెప్పలేను. కొన్ని పిన్ని చెప్పగా విన్నాను, కొన్ని బాబాయి చెప్పగా విన్నాను. ఏళ్ళు గడిచేకొద్దీ ఎవరి మాట ఎవరి నోట పెడుతున్నానో నాకే అనుమానం కలుగుతూ వచ్చింది. వాళ్ళ వంటగదిలో బల్ల కిటికీ పక్కన ఉండేదో, తలుపు పక్కన ఉండేదో కూడా ఒట్టేసి చెప్పలేను. నెల మొదటి రోజు పొద్దున్నే ఆ బల్ల మీద ఒక పొడవాటి పుస్తకం తెరుచుకునేదన్నది మాత్రం నిజం.

పిన్నిది కిటికీలకూ తలుపులకూ తెరలు కుట్టే పని. ఇంట్లోనే ముందుగదిలో మిషను పెట్టుకుని కుట్టేది. బాబాయిది పెద్ద భవనాల బయటి గోడలకు రంగులు వేసే పని. పైకప్పు మీది ఇనుప కొక్కేలకు తాళ్ళు కట్టి, వాటికి వేలాడే చెక్కపలక మీద కూర్చుని, పై అంతస్తు నుంచి కొంచెం కొంచెంగా దిగుతూ వేయాలి. ఇరవై ఏడేళ్ళుగా అదే పని. "మీ ఆయన పొద్దున ఆకాశానికెక్కి సాయంత్రానికి నేలకు దిగే దేవుడు వదినా" అని పక్కింటావిడ వేళాకోళం చేస్తే, "దేవుడికి మోకాళ్ళ నొప్పులుంటాయా? రోజూ ఆ తైలం రుద్దలేక చస్తున్నాను" అనేది పిన్ని.

బ్యాంకులో వాళ్ళకు మూడు ఖాతాలుండేవి. తెరల డబ్బు పిన్ని ఖాతాలోనూ, రంగుల కూలి బాబాయి ఖాతాలోనూ పడేవి. నెలాఖరుకు రెండింటిలో మిగిలినదంతా ఇద్దరి పేరా ఉన్న మూడో ఖాతాకు చేరేది. ఆ మూడోది బాబాయిని కిందికి దింపడానికి పెట్టుకున్నది. యాభై దాటాక పలక మీద ఆయన కాళ్ళు వణకడం మొదలైంది. ఒక చిన్న గది అద్దెకు తీసుకుని రంగుల దుకాణం పెడితే, డబ్బాలు, రంగులు కలిపే యంత్రం, దాని వెనక ఒక కుర్చీ. కుర్చీ అనేటప్పుడు బాబాయి గొంతు కాస్త మెత్తబడేదని నాకు గుర్తు.

ఇక ఆ పుస్తకం. నెల మొదట పిన్ని పద్దులు తెరిచేది: అద్దె, కరెంటు, పాలు, సబ్బులు, బస్సు. ఒక్కో పద్దుకెదురుగా ఒక మొత్తం రాసేది. నెల తిరిగేసరికి సరిగ్గా అంతే, పైసా అటూ ఇటూ కాకుండా, ఆ పద్దు కింద ఖర్చయ్యేది. ఆమె ముందుచూపు గొప్పదని కాదు. పద్దు తెరిస్తే ఖర్చు వచ్చేది, అంతే. 'గొడుగు బాగుచేత, అరవై' అని రాస్తే పది రోజుల్లో గొడుగు ఊచ విరిగేది, బాగుచేసేవాడు అరవై అడిగేవాడు. ఒకసారి పక్కింటివాళ్ళ గొడవ వింటూ పరధ్యానంగా 'కిటికీ అద్దం, మూడు వందలు' అని రాసింది. నాలుక కరుచుకుని, ఆ కాగితం చింపి పొయ్యిలో పడేసింది. అయినా అద్దం పగిలింది, మూడు వందలే అయింది. తెరిచిన పద్దు మూతపడాలంటే ఖర్చు ఒక్కటే దారి.

ఇందులో ఎవరికీ వింత కనబడలేదు. కొందరి చేతికి మొక్కలు బతుకుతాయి, కొందరి చేతికి పద్దులు పలుకుతాయి. "వచ్చే నెల సినిమా అని ఒకటి తెరువు వదినా, నన్నూ తీసుకెళ్దువుగాని" అనేది పక్కింటావిడ.

"నా పద్దు ఖర్చును పిలుస్తుంది గానీ రాబడిని పిలవదే తల్లీ. టికెట్ల డబ్బు నువ్వు పట్టుకురా, ఇప్పుడే తెరుస్తాను."

అందుచేతనే ఆస్పత్రి అన్న పద్దు ఆ పుస్తకంలో ఎన్నడూ లేదు. జలుబు మాత్రలను సైతం పిన్ని సబ్బుల్లో కలిపేసేది.

మూడో ఖాతాలో లక్షా ఇరవై వేలు చేరిన నెల, నాలుగో తేదీన ఇద్దరూ దుకాణం అప్పు కోసం బ్యాంకుకు వెళ్ళారు. ఆ లక్షా ఇరవై వేలు వాళ్ళ వంతు. నెలాఖరు దాకా అది ఖాతాలో కదలకుండా ఉంటే మిగతాది బ్యాంకు ఇస్తుంది. అప్పుల బల్ల దగ్గరున్న ఆఫీసరమ్మ వయసులో చిన్నదే అయినా మర్యాద తెలిసిన మనిషి. పిన్ని పుస్తకం ముందు పెట్టుకుని, ఇంటిఖర్చుల వివరాలన్నీ ఒక్కొక్కటిగా కంప్యూటర్లోకి ఎక్కించి, ఒకచోట ఆగింది.

"వైద్యం, అత్యవసరం. ఈ వరస ఖాళీగా ఉందండీ."

"ఖాళీగానే ఉండనీ అమ్మా."

"నేను ఉండనిచ్చినా ఈ కంప్యూటరు ఉండనివ్వదండీ. ఈ నెలకు నలభై వేలని వేస్తున్నాను. ఆ మాత్రం చూపించకపోతే దరఖాస్తు ముందుకు కదలదు."

కాగితం బయటికి వచ్చింది. పిన్ని కలం పట్టుకుని అలాగే కూర్చుంది. సగంరోజు కూలి పోగొట్టుకుని వచ్చిన బాబాయి విసుక్కున్నాడు. "పెట్టవోయ్ సంతకం. అది బ్యాంకు కాగితం, నీ పుస్తకం కాదుగా."

పిన్ని సంతకం పెట్టింది.

మనం మన చేతిరాతను మాత్రమే మనదనుకుంటాం. ఇతరులు రాసినదాని కింద పెట్టిన సంతకం ఎంతవరకు మనదో ఆలోచించడానికి సామాన్యంగా అవసరం రాదు. పిన్నికి మూడు రోజుల్లోనే వచ్చింది. ఆ నెల పుస్తకంలో ఆమె రాసుకున్నది 'చెప్పులు, ఆరు వందల యాభై'. ఆఫీసరమ్మ దాన్ని సున్నాలకు సరిచేసి ఏడు వందలుగా ఎక్కించింది. ఏడో తేదీన పిన్ని చెప్పుల కొట్టుకు వెళ్ళి, కిందటి వారమే చూసిపెట్టుకున్న జతను తీయించింది.

"ఏడు వందలండీ."

"అదేమిటి, మొన్న ఆరు వందల యాభై అన్నావుగా?"

"నిన్నటినుంచి పెరిగిందండీ. నా చేతిలో ఏముంది చెప్పండి?"

పిన్ని ఆ కొత్త చెప్పులను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయిందట. బ్యాంకు కాగితం పలుకుతోంది. నలభై వేల పద్దు తెరుచుకునే ఉంది. రోజూ తాళ్ళకు వేలాడే మనిషి ఆ ఇంట్లో ఒక్కడే.

మర్నాడు బ్యాంకు తలుపులు తీసేసరికి ఆమె అక్కడుంది. సంగతంతా విన్న ఆఫీసరమ్మ ఆశ్చర్యపోలేదు. "అలా పలికే పుస్తకాలవాళ్ళు మా ఖాతాదారుల్లో ఇంకో ఇద్దరున్నారండీ," అంది నిజమైన బాధతో. "కావాలంటే దరఖాస్తు వెనక్కు తీసుకోండి."

"తీసుకుంటే ఆ వరస మూతపడుతుందా?"

"అది మీకే తెలియాలి కదండీ."

పిన్నికి తెలుసు. పొయ్యిలో వేసిన కాగితమే ఆగలేదు.

తొమ్మిదో తేదీ పొద్దున బాబాయి పనిచొక్కా తొడుక్కుంటుంటే ఆమె తలుపుకు అడ్డం నిలబడింది. "ఈ నెలంతా మీరు పైకి ఎక్కడానికి వీల్లేదు."

"ఎక్కకపోతే కూలి ఎక్కణ్ణించి వస్తుంది? అద్దె పద్దుకు నువ్వేం సమాధానం చెప్తావు?"

"నా ఖాతాలో ఉన్నది నాకు తెలుసు. సరిపెడతాను."

"అసలు పడాలని రాసుంటే ఇంట్లో పడనా? బాత్రూములో కాలు జారితే నలభై వేలు కావూ?"

"మన బాత్రూము మూడంతస్తులు లేదులెండి."

బాబాయి నవ్వాడు. నవ్వు తగ్గాక అన్నాడు: "నే వెళ్ళకపోతే ఆ పలక ఖాళీగా ఊగదు. మేస్త్రీ ఇంకెవణ్ణో ఎక్కిస్తాడు."

ఆ రోజు ఆయన పనికి వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు. బాబాయి గెడ్డం గీసుకునే బ్లేడును పిన్ని దాచింది, కూరగాయల కత్తి దాచింది, స్నానాలగది నేలను పొడిగుడ్డతో తుడిచి తుడిచి చేతులు కాయలు కట్టించుకుంది. నలుగురిలో పడి తిరిగిన ఆ పెద్దమనిషి, గాజుబొమ్మలా కుర్చీకి అతుక్కుపోయి, ఆమె మిషను చప్పుడు వింటూ గడిపాడు.

పదకొండో తేదీన, పొద్దున పదకొండు దాటాక, మేస్త్రీ ఫోను చేశాడు. బాబాయి పలక మీద ఒక కొత్తాయనను ఎక్కించారు. నలభై ఏళ్ళవాడు, అంతకుముందు రొట్టెల బట్టీలో చేసేవాడు, అది మూతపడ్డాక ఈ పనికి వచ్చాడు. తాళ్ళు గట్టివే, పలక గట్టిదే. ఆ పలక మీద బరువును నడుము మధ్యలో ఉంచుకోవడం ఇరవై ఏళ్ళకు గానీ ఒంటికి పట్టని విద్య. మూలకు కుంచె అందక పక్కకు వంగాడు. రెండో అంతస్తు నుంచి ఇసుక కుప్ప మీద పడ్డాడు. ప్రాణం దక్కింది. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది.

ఫోను పెట్టేసి బాబాయి ఆ మాట పిన్నికి చెప్పాడు. మిషను ఆగిపోయింది.

మేస్త్రీ ఆయనను ఆస్పత్రి దాకా తీసుకెళ్ళి దింపి, ఆ తరవాత ఫోను ఎత్తడం మానేశాడు. ఆపరేషను చేసి లోపల ఇనుపపట్టీ వేశారు. బాబాయి రోజూ వెళ్ళి మంచం పక్కన కూర్చునేవాడు. ఇంటికి పంపించే రోజున పిన్ని కూడా వెళ్ళింది. డబ్బు కట్టే కిటికీ దగ్గర కొత్తాయన భార్య చేతిసంచిలోంచి నలిగిన నోట్లు తీసి మూడోసారి లెక్కపెడుతోంది. పదకొండు వేలున్నాయి.

"నేను రంగులాయన భార్యను," అంది పిన్ని. "మీ ఆయన కూర్చున్నది మా ఆయన పలక మీదే."

ఆమె పిన్నిని ఎగాదిగా చూసింది. "అయితే మీ ఆయన మంచి జాతకుడక్కా," అంది. అందులో దెప్పుడు ఉందో లేదో పిన్ని నాకు చెప్పలేకపోయింది.

కిటికీ వెనకున్న మనిషి కూడి చెప్పాడు: మంచం, ఆపరేషను, పట్టీ, మరలు, మందులు కలిపి నలభై వేల మూడు వందల యాభై. "వాడకుండా తిరిగిచ్చిన ఇంజెక్షన్లు మూడు వందల యాభై తీసేస్తున్నాను. మొత్తం నలభై వేలు."

 పిన్ని మూడో ఖాతా కార్డు తీసి కిటికీలోకి ఇచ్చింది.

"వద్దక్కా, ఇది మేము తిరిగివ్వలేం," అంది కొత్తాయన భార్య, ఆ చేతిని పట్టుకుని ఆపబోతూ.

"ఇది మీకిస్తున్న డబ్బు కాదమ్మా. నాలుగో తేదీనాడే ఖర్చయిపోయిన డబ్బు." ఆ పుస్తకం గురించీ, బ్యాంకు కాగితం గురించీ, బాబాయి ఇంట్లో ఎందుకు ఉండిపోయాడన్నదాని గురించీ పిన్ని అక్కడే, వరసలో నిలబడే, ఆమెకు చెప్పేసింది. ఆమె విని, తల ఊపి, రసీదు తీసుకుంది. అలాంటి పుస్తకాలుంటాయని ఆమెకూ తెలుసు.

సాయంత్రం బాబాయి అడిగాడు. "మూడో ఖాతాలోంచేనా?"

"ఇంకెక్కణ్ణించి వస్తుంది?"

"మంచిది," అన్నాడు. "రేపటినుంచి నే వెళ్ళొచ్చా?"

"వెళ్ళండి," అంది పిన్ని. పద్దు మూతపడింది.

నెలాఖరున ఖాతాలో ఎనభై వేలే ఉన్నందువల్ల అప్పు రాలేదు. ఆఫీసరమ్మ స్వయంగా ఫోను చేసి క్షమించమంది. వాళ్ళు చూసుకున్న గదిలో ఎవరో ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నారు.

మరుసటి నెల మొదటి రోజున పిన్ని ఎప్పటిలాగే అద్దె, కరెంటు, పాలు రాసింది. అన్నిటికన్నా కింద ఇంకో పద్దు తెరిచింది: 'కొత్తాయన జీతం, ఆరు వేలు'. వారం తిరక్కముందే కొత్తాయన చంకలో కర్రతో గుమ్మం ముందు నిలబడ్డాడు. బట్టీలో పిండి మడిచిన చేతులు, తెరల అంచులు మడవడం ఇట్టే పట్టుకున్నాయి. కాలు చాపుకోవడానికి వీలుగా ఆయన కోసం ఒక కుర్చీ కొన్నారు. ఆ పద్దు ప్రతి నెలా తెరుచుకుంది, ప్రతి నెలా పైసా తేడా లేకుండా ఖర్చయింది. రాబడిని మాత్రం ఏ పద్దూ పిలవలేదు. దాని కోసం బాబాయి, వణికే మోకాళ్ళతో, ఇంకో ఆరేళ్ళు పైకి ఎక్కాడు. ఆయన ఎప్పుడూ పడలేదు. కొత్తాయన మళ్ళీ ఎప్పుడూ నేలను వదలలేదు. ఒకరికోసం అనుకున్న బతుకు ఇంకొకరికి వెళ్ళిపోయింది. 

ఒక మాటను నేను కావాలనే వదిలేశాను. మేస్త్రీ ఇంకెవణ్ణో ఎక్కిస్తాడని బాబాయి అన్నప్పుడు పిన్ని ఊరుకోలేదు. ఒక జవాబు చెప్పింది. చిన్న జవాబే. ఆ జవాబు విన్నాకే ఆయన చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. ఈ కథ మొత్తంలో ఇద్దరూ వేరువేరుగా, ఒక్క అక్షరం తేడా లేకుండా నాకు చెప్పినది అదొక్కటే. మిగతాదంతా కొత్తాయనకు తెలుసు. ఆయన ఇప్పటికీ పిన్ని ముందుగదిలోనే కూర్చుని అంచులు మడుస్తున్నాడు. మధ్యాహ్నం పని ఆపి, కళ్ళజోడు పెట్టుకుని, చేతికందిన పత్రికనల్లా మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదువుతాడు. అందుకని ఆ జవాబును ఇక్కడ రాయలేదు.