షావుకారి చొక్కా

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల వెనక నూకాలమ్మ పొద్దున్న ఏడింటికల్లా నాలుగిళ్ల బట్టలూ ఉతికి తీగ మీద వేసేస్తుంది. తడి ఆరేదాకా ఆ బట్టలు ఊరుకోవు. ముందురోజు తమని తొడుక్కున్నవాళ్లు చేసిన పనే మళ్లీ చేస్తుంటాయి. టీసీ గారి కోటు టికెట్ల కోసం చెయ్యి చాపుతుంది. పంతులమ్మ జాకెట్టు గాలిలో అక్షరాలు రాస్తుంది. దానికి అక్కడెవరూ వింతపడరు. తీగ మీద చూసింది బయట చెప్పకూడదన్నది మాత్రం నూకాలమ్మ నియమం. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారే తప్పింది.

అది కరోనా రెండో ఏడు. ఆమె మొగుడు తవిటయ్య రైల్వే వర్క్‌షాపులో రిటైరైనవాడు. ఇనప రజను పీల్చి పీల్చి రొమ్ము పాడు చేసుకున్నవాడు. టీకా సూది వేయించుకోమంటే ససేమిరా అన్నాడు. అందుకు కారణం ఖరిదా బజారులో కిరాణా కొట్టు చెన్నకేశవరావు. సూది వేసుకుంటే రెండేళ్లలో పోతారని వచ్చినవాళ్లందరికీ చెప్పి, తను దంచిన కషాయం పొడి అంటగట్టేవాడు.

"పాతికేళ్లనుంచి ఉప్పూపప్పూ ఇస్తన్న మనిషి, మనకి అబద్దమెందుకు సెప్తాడే?" అనేవాడు తవిటయ్య.

షావుకారు చెన్నకేశవరావు ఇల్లూ ఆ నాలుగిళ్లలో ఒకటి. ఓ సోమవారం ఆయన తెల్లచొక్కా తీగ మీద వేసింది నూకాలమ్మ. దాని ఎడమ చెయ్యి తనంతట తానే భుజందాకా మడతపడింది. కాలరు భయంగా పక్కకి తిరిగింది. కాసేపటికి కుడి చెయ్యి వచ్చి, దూది అదిమిపెట్టినట్టు ఆ చోట నొక్కింది. పక్కనే ఆయన భార్య జాకెట్టుదీ అదే పని. ఇద్దరూ కలిసే వెళ్లొచ్చారన్నమాట!

నూకాలమ్మకి మురిక్కాలవలో చెయ్యి పెట్టినా అంత రోత పుట్టేది కాదు. "థూ! నీ బతుకు సెడ!" అని, మొగుణ్ని పిలిచి చూపించింది.

తవిటయ్య ఆ మడతని వేలితో తాకి చూశాడు. "పెద్దోరు. ఆయనకేటి అవసరం పడ్డాదో."

"ఆయనకి పేణం అవసరం. నీకు అక్కర్లేదేటి?"

తడిచొక్కా బకెట్లో పడేసుకుని ఖరిదాకి నడిచింది. వెనకాల దగ్గుకుంటూ తవిటయ్య. కొట్టు ముందు కొక్కేనికి దాన్ని తగిలించింది. బేరానికొచ్చిన జనమంతా చూస్తుండగా చొక్కా మళ్లీ చెయ్యి మడుచుకుంది.

"ఏంటే ఇది! ముందు తియ్యి దాన్ని!" అని అరిచాడు చెన్నకేశవరావు.

"నానేటి సేసినాను బాబూ? మీ సొక్కాయే సేస్తంది."

అయినా ఏం మనుషులండీ! ఒక్కడు నోరెత్తితే ఒట్టు. ఇన్నాళ్లూ మోసపోయామని పదిమందిలో ఒప్పుకోవడం నామోషీ కదా. చొక్కాని చూడనట్టు మొహాలు తిప్పుకుని, "కషాయం పొడి రెండు పొట్లాలియ్యండి" అన్నారు. ఆయన సిగ్గులేకుండా కట్టిచ్చాడు. ఛీ ఛీ!

తవిటయ్య చేతిలోకీ ఒక పొట్లం వచ్చింది. దాన్ని తిరిగి కాటా మీద పెట్టేశాడు. "పదవే, ఆ సూదుల లైనెక్కడో సూపించు" అన్నాడు.

ఆ చలికాలం జబ్బు మళ్లీ ఊరంతా తిరిగింది. తవిటయ్యా మంచం పట్టాడు, వారం దగ్గి లేచాడు. కొట్టు దగ్గర మొహాలు తిప్పుకున్నవాళ్లలో ఇద్దరి బట్టలు ఆఖరిసారి ఉతకడానికి నూకాలమ్మకే వచ్చాయి. తీగ మీద వేస్తే అవి కదల్లేదు. నీళ్లోడుతూ అలా వేలాడాయి, అంతే.

వాటి పక్కన తవిటయ్య చొక్కా. అది జేబులోంచి బీడీ తీసినట్టు తీసి, అటూ ఇటూ చూసి, అంటించుకోబోయింది.

"సిగ్గులేదేటి నీకు!" అని నూకాలమ్మ దాన్ని ఫట్టుమని ఒక్కటి కొట్టి, ఆ తడిగుడ్డలోనే మొహం దాచుకుని ఏడ్చింది.