గుర్తులు చెప్పి తీసుకెళ్ళండి

మా ఇంట్లో ఎవరికైనా ఉద్యోగం వస్తే, ముందుగా ఆ ఉద్యోగాన్ని ఇంటిల్లిపాదీ చేసి చూస్తారు. అసలు మనిషికి అవకాశం దక్కేది ఆ తరవాతనే.

మా అక్కయ్య మనవరాలికి నగర బస్సుల సంస్థలో ఉద్యోగం వచ్చింది. ప్రయాణికులు బస్సుల్లో మరిచిపోయిన గొడుగులూ సంచులూ చెప్పులూ ఒక గదిలో పోగుచేసి, వెతుక్కుంటూ వచ్చినవారికి అప్పగించే కౌంటరు ఆమెకు కేటాయించారు. అక్కడ నియమం ఒక్కటే. వస్తువును చూపించక ముందే వచ్చినవారిచేత దాని గుర్తులు చెప్పించాలి. గుర్తులు సరిపోతేనే ఇవ్వాలి, లేకపోతే ఎంతటివారినైనా వట్టిచేతులతో పంపాలి. ఇంత సుబోధకమైన నియమం నేను పనిచేసిన చోట ఒక్కటీ ఉండేది కాదు.

ఆ పిల్లకు తెలివికి లోటు లేదు. లోటల్లా గొంతుకే. కొత్తమనిషి ఎదుటపడితే చాలు, మాట నాలుక దాకా వచ్చి అక్కడే కూలబడుతుంది. తండ్రి, అంటే నా మేనల్లుడు, ఆమెకు 'మూగనోము' అని పేరు పెట్టాడు. కిందటేడు ఒక బీమా కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మొదటిరోజు గేటు దాకా వెళ్ళింది. కాపలాదారు పాపం మర్యాదగానే "ఎవరు కావాలమ్మా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు దొరకక ఇంటికి తిరిగివచ్చి జ్వరం తెచ్చుకుంది. ఉద్యోగం మరొకరి పాలైంది.

ఈసారి ఉత్తర్వు చేతికందగానే తల్లితో ఒకే మాట అంది. "అమ్మా, మళ్ళీ గేటు దగ్గరనుంచి వెనక్కొచ్చానంటే ఇంక నన్నెక్కడికీ పంపకండి. నావల్ల కాదని ఒప్పేసుకుంటాను."

నిండా పాతికేళ్ళు లేని పిల్ల అనవలసిన మాట కాదది. ఇంట్లో అందరికీ గుండెల్లో రాయి పడింది. మా ఇంట్లో గుండెల్లో రాయి పడితే మొదట తెరుచుకునేది నోరు.

మేనల్లుడు ఫోనులో ఎవరో బోధకుడు చెప్పిన శ్వాస పద్ధతిని పిల్లచేత సాధన చేయించబోయి, తనకే కళ్ళు తిరిగి సోఫాలో పడ్డాడు. కోడలు, "ఎదురుగా ఉన్నవాళ్ళంతా కూరగాయలనుకో" అని సలహా ఇచ్చింది. "కూరగాయలకి గొడుగెందుకమ్మా?" అంది పిల్ల. మా అక్కయ్య మాత్రం, "భయమేస్తే వెయ్యనీవే, దానికీ పొద్దుపోవద్దూ" అని తన పనిలో పడింది.

అప్పుడు మా బావగారు రంగప్రవేశం చేశారు.

బావగారు ఒక పెద్ద కార్యాలయంలో పర్యవేక్షకులుగా ఉండి రిటైరయ్యారు. ఆయన రిటైరయ్యారన్న సంగతి ఆయనకు తప్ప అందరికీ తెలుసు. కాఫీ ఆలస్యమైతే ఇప్పటికీ సంజాయిషీ అడుగుతారు. "శిక్షణ లేకపోవడమే భయానికి మూలం. ఆదివారం మధ్యాహ్నం రిహార్సలు. అందరూ హాజరు కావాలి" అని ఆజ్ఞాపించారు.

"నేను కూడానా?" అన్నాను. నేను వాళ్ళ పైవాటాలో ఉంటాను. ఆ వాటా ఆయన అధికార పరిధిలోకి రాదని నా నమ్మకం.

"నువ్వు ముఖ్యంగా రావాలోయ్ బావమరిదీ. అబద్ధాలాడే ఖాతాదారు ఒకడు కావాలి. ఆ పాత్రకి నిన్ను మించినవాడు దొరకడు."

వంటింటికీ హాలుకీ మధ్య గిన్నెలు అందించుకునే కిటికీ ఉంది. దాన్ని కౌంటరుగా నిర్ణయించారు. పిల్లను వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టారు. పోగొట్టుకున్న వస్తువులను సేకరించే బాధ్యత అక్కయ్యకు అప్పగించారు. ఆవిడ ఏ పనైనా సగంలో వదిలే మనిషి కాదు. భోజనాలయ్యాక అందరూ ఒక కునుకు తీస్తున్న సమయంలో ఇల్లంతా తిరిగి, కంటికి కనిపించినవన్నీ సంచిలో వేసుకుని తెచ్చి మనవరాలి ముందు పెట్టింది. ఎవరి సొత్తు ఏది పోయిందో ఎవరికీ తెలియదు. నిజమైన కౌంటరులో జరిగేదీ అదే కదా అని ఆవిడ వాదన.

మేనల్లుడికి క్యూ పాత్ర ఇచ్చారు. అంటే, వెనక నిలబడి గొణగాలి. ఆ పాత్రలో అతను సహజంగా ఒదిగిపోయాడు.

మొదట కోడలు వెళ్ళింది. "ఏమండీ, నా శాలువా బస్సులో మరిచిపోయాను."

కిటికీ వెనకనుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి శాలువాను అందించింది. ప్రశ్న లేదు, మాట లేదు.

"గుర్తులు అడగాలే తల్లీ!" అంది కోడలు.

"నువ్వు మా అమ్మవి కదా."

"ఇప్పుడు కాదు!"

క్యూ ముందుకు జరిగింది. మేనల్లుడు నోరు తెరిచేలోగా అతని చేతిలో కుక్కరు మూత పడింది. అతను దాన్ని అడగనే లేదు. భయపడినవాడు అడగనివి కూడా ఇచ్చేస్తాడని నాకు అప్పుడు బోధపడింది.

"ఆపండి!" అంటూ బావగారు పడకగదిలోనుంచి, గోడను తడుముకుంటూ, వచ్చారు. "ఈ ఘోరాన్ని నేను స్వయంగా పరిశీలించాలి. నా కళ్ళజోడేదీ?"

అక్కయ్య పైకప్పు వైపు చూసింది.

విషయం గ్రహించడానికి బావగారికి ఎంతోసేపు పట్టలేదు. నేరుగా కిటికీ దగ్గరికి నడిచి, "అమ్మడూ, రిహార్సలు సంగతి తరవాత. ముందు నా కళ్ళజోడిలా ఇవ్వు" అన్నారు.

లోపల స్టూలు కిర్రుమంది. తరవాత సన్నగా వినిపించింది: "గుర్తులు చెప్పండి."

"ఏమిటీ?"

"గుర్తులు చెప్పి తీసుకెళ్ళండి."

బావగారు నవ్వేశారు. "శభాష్! నల్ల చట్రం."

"కాదండీ."

"కాదేమిటి? నలుపే."

"ఇంకో గుర్తు చెప్పండి."

"ఎన్నో ఏళ్ళుగా నా ముక్కు మీద ఉంది. అంతకన్నా గుర్తేం కావాలి?"

"ముక్కు మీ గుర్తండీ. కళ్ళజోడుది చెప్పండి."

వెనకనుంచి క్యూ గొణిగింది: "త్వరగా తెమల్చండి పెద్దాయనా, మాకూ పనులున్నాయి."

"నోర్ముయ్ రా!" అన్నారు బావగారు. క్యూను ఆయన గుర్తించారు. కళ్ళజోడును మాత్రం గుర్తించలేకపోయారు. ఇందులో ఆశ్చర్యపడవలసిందేమీ లేదు. కళ్ళజోడులోనుంచి లోకాన్ని చూసేవాడు కళ్ళజోడును చూడడు. దాన్ని చూసే భారం ఎదుటివాళ్ళది. రోజూ ఆయనతో ఆడే చదరంగం బల్లకు ఇవతలి వైపు కూర్చుని ఆ భారాన్ని ఏళ్ళ తరబడి మోసినవాణ్ణి నేను.

కనుక, అబద్ధాలాడే ఖాతాదారునైన నేను ముందుకు వచ్చి, నిజం చెప్పాను. "అమ్మా, నా కళ్ళజోడు పోయింది. ముదురు గోధుమరంగు చట్రం. ఎడమ కాడ చివర పంటిగాట్లుంటాయి, ఆటలో మంత్రి పోయినప్పుడల్లా పడినవి. కుడి అద్దం అంచున గోరంత పెచ్చు లేచింది."

లోపల వస్తువును తిప్పిచూస్తున్న చప్పుడైంది. చెయ్యి బయటికి వచ్చి, కళ్ళజోడును నా అరచేతిలో పెట్టింది.

"అన్యాయం!" అని బావగారు కేక పెట్టారు. "వాడు దొంగ! ఏమే, నీ తమ్ముణ్ణి చూశావా? పట్టపగలు!"

"గుర్తులు చెప్పాడు కదండీ" అంది అక్కయ్య. "మీరూ చెప్పవలసింది."

"నీ మీద పైవాళ్ళకి ఫిర్యాదు చేస్తాను!" అని ఆయన కిటికీ వైపు వేలు చూపించారు. వేలు కొంచెం పక్కకు పోయి ఫ్రిజ్ మీద నిలిచింది.

"చేసుకోండి" అంది లోపలి గొంతు. "తరవాత ఎవరు?"

ఆ సాయంత్రం ఇంట్లో పండగ వాతావరణం. పిల్ల గెలిచింది, భయం వదిలింది అని అందరూ తీర్మానించారు. బావగారు మాత్రం అలిగి, నాతో ఆట మానేశారు. కళ్ళజోడు ఇచ్చేస్తానన్నా, "అక్కర్లేదు, ఇప్పుడది నీ సొత్తు" అని గోడవైపు తిరిగారు. చివరికి అక్కయ్య వెళ్ళి ఆయన ముక్కుకు తగిలించింది.

తెల్లవారింది. పిల్ల ముఖం మళ్ళీ సున్నం కొట్టినట్టుంది.

"నిన్న అంత గట్టిగా మాట్లాడావు కదే!" అంది తల్లి.

"తాతయ్యని కాదంటే ఏమవుతుందమ్మా? ఒక పూట అలుగుతారు, రెండో పూట కాఫీ అడుగుతారు. బయటివాళ్ళు ఎలా ఉంటారో నాకేం తెలుసు?"

సమాధానం లేని సందర్భాల్లో మా ఇంటివాళ్ళు మూకుమ్మడిగా కదులుతారు. గేటు దాకా తోడు వెళ్ళి, వెనక్కి తిరగకుండా చూడాలని బావగారు తీర్మానించారు. "ఒక్కతే వెళ్తుందిలెండి" అన్న అక్కయ్య కూడా చెప్పులు తొడుక్కుంది.

బస్సుల సంస్థ గేటు ముందు మేము అయిదుగురం అర్ధవలయంగా నిలబడ్డాం, ఆడపిల్లను అంపకాలకు తెచ్చినట్టు. పిల్ల గేటును చూస్తోంది. కాళ్ళు కదలడం లేదు. కాపలాదారు వచ్చాడు.

"ఎవరు కావాలమ్మా?"

కిందటేడు ప్రశ్నే. పిల్ల పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. ఒక అడుగు వెనక్కి పడింది. వెనక మేమున్నాం. కోడలు జుట్టు సవరించింది. మేనల్లుడు, "పీల్చు, వదులు, పీల్చు" అని అందరికీ వినబడేలా లెక్కపెట్టసాగాడు. బావగారు కాపలాదారు భుజం మీద చెయ్యి వేసి, "చూడు నాయనా, మా పిల్లకి కాస్త బిడియం. నేను ఫలానా ఆఫీసులో..." అని తన సర్వీసు చరిత్ర ప్రారంభించారు. పనికి వచ్చేవాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు.

పిల్ల ఒకసారి గేటు వైపు చూసింది, ఒకసారి మా వైపు చూసింది. లోపల ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. బయట ఎలా ఉందో కళ్ళెదుటే కనిపిస్తోంది. ఉత్తర్వు కాగితాన్ని కాపలాదారు చేతిలో పెట్టి, దాదాపు పరుగున లోపలికి వెళ్ళిపోయింది.

"చూశారా, మనం రాబట్టే!" అన్నారు బావగారు. ఆయన అన్నది అక్షరాలా నిజం. అందుకే నేను ఖండించలేదు.

మిగతావాళ్ళు ఇంటికి వెళ్ళారు. బావగారు కదలలేదు. ఆయన్ని ఒంటరిగా వదలడం ప్రజాక్షేమం కాదని నేనూ ఉండిపోయాను. లోపల కౌంటరుకు ఎదురుగా ప్రయాణికుల బెంచీ ఉంది. ఇద్దరం ఒకే పత్రికను చెరో అంచు పట్టుకుని, దాని పై అంచునుంచి చూస్తూ కూర్చున్నాం.

మొదటి ఖాతాదారు వచ్చాడు. మనిషి తలుపంత ఉన్నాడు, గొంతు నగారాలా ఉంది. "గొడుగండీ! నల్లగొడుగు! తొందరగా ఇవ్వండి!" అని కౌంటరు మీద చరిచాడు.

పిల్ల నోరు తెరిచింది. మాట రాలేదు. తెరిచిన నోటిని మూసి, అతని ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. బావగారి గోళ్ళు నా మోచేతిలో దిగాయి. "అయిపోయిందోయ్" అని గొణిగారు.

ఆ మనిషి కాసేపు ఎదురుచూశాడు. "నల్లదే" అన్నాడు, ఈసారి కొంచెం తగ్గించి. పిల్ల చూస్తూనే ఉంది. "అంటే, మరీ నలుపు కాదు." పిల్ల రెప్ప వెయ్యలేదు. "చెక్కపిడి అనుకుంటా. ప్లాస్టిక్కేమో. మొన్న... కాదు, పోయినవారం... ఏ బస్సో చెప్పలేనండీ." నుదురు తుడుచుకున్నాడు. "దాచడమెందుకు లెండి, నాది ఎప్పుడో విరిగిపోయింది. ఇక్కడ బోలెడన్ని పడుంటాయంటే, వాన పడేలా ఉంది కదా అని... తప్పయిపోయిందండీ." చేతులు జోడించి, వచ్చినంత వేగంగా వెళ్ళిపోయాడు.

పక్కగదిలోనుంచి పై అధికారిణి తొంగిచూసింది. "ఇంత అనుభవం ఉందని మాకెవరూ చెప్పలేదే! ఒక్కమాట కూడా వాడకుండా!"

మా బావగారు పత్రికను పూర్తిగా నాకు వదిలేసి ఛాతీ విరిచారు. "గాంభీర్యం. మా వంశంలో ఉంది."

కౌంటరు కింద పిల్ల రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని వణుకుతున్నాయి. అది నాకు కనిపించింది. లోకంలో గాంభీర్యంగా చలామణీ అవుతున్న దానిలో ఎంత భాగం ఇటువంటిదో అని నేను నా పూర్వపు అధికారులను ఒక్కొక్కరినే తలుచుకున్నాను. కాని ఆ పిల్లది ఆ పాటి అబద్ధంతో బతికే స్వభావం కాదు. మెచ్చుకోలు విన్నాక ఆమె ముఖం మరింత పాలిపోయింది. కళ్ళు గేటు వైపు తిరిగాయి.

అప్పుడే ఒక పెద్దావిడ వచ్చి కౌంటరు ముందు నిలబడింది. ఆమె అరవలేదు, చరవలేదు. అటూ ఇటూ చూసి, అడగాలా వద్దా అన్నట్టు కొంగు నలుపుకుంటూ, నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. కౌంటరుకు అటొకరూ ఇటొకరూ, ఇద్దరూ మూగనోములే. ఈ చూపులు సాయంత్రం దాకా సాగేలా ఉన్నాయి.

బావగారు ఉండబట్టలేక లేచారు. నేను చొక్కా పట్టుకునేలోగా కౌంటరు చేరి, పెద్దావిడ ముందు నిలబడి, "అమ్మడూ, ఏం ఫరవాలేదు, ఇంటికి వెళ్దామంటే వెళ్దాం. తాతయ్య ఉన్నాడు" అన్నారు. ఆయన గొంతులో అధికారం లేదు. ఆ గొంతును నేను అంతకు ముందు వినలేదు.

పిల్ల ఆయన్ని చూసింది. ఆయన భుజం పక్కనుంచి, వెనక్కి తగ్గిపోతున్న పెద్దావిడను చూసింది.

"తాతయ్యా, మీదేదైనా పోయిందా?"

"లేదే."

"అయితే కాస్త పక్కకి జరగండి. వెనక మనిషున్నారు."

బావగారు జరిగారు. పిల్ల కౌంటరు మీదికి వంగింది. గొంతు బొంగురుపోయి ఉంది, మధ్యలో ఒకసారి తెగింది కూడా. అయినా మా బెంచీ దాకా వినిపించింది.

"భయపడకండమ్మా. ఏం పోగొట్టుకున్నారో నెమ్మదిగా చెప్పండి. నేనిక్కడే ఉంటాను."

మేము ఉండవలసిన అవసరం ఏమీ కనిపించలేదు. బావగారికి ఆ సంగతి గేటు దాటాక గాని మింగుడుపడలేదు.

"గొంతు ఇంకొంచెం పెంచాలి" అన్నారు వెనక్కి తిరిగి చూస్తూ.

"నడవండి బావగారూ" అన్నాను.